యంత్రము ఆగిననాడు ఆగనివాడు



అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతముల భక్తుల కోరికపై మేము అప్పుడప్పుడు ఉపనిషత్ప్రవచనములు చేయుట మీకు విదితమే. క్రోధి నామ సంవత్సర శ్రావణమాసమున, అనగా 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో, కేనోపనిషత్తు ముగించిన సాయంకాలము ఒక సంగతి జరిగినది. ప్రసాదము పుచ్చుకొని అందరును వెడలిన పిమ్మట ముప్పది యేండ్ల యువకుడొకడు మా యెదుట నిలిచి, "శాస్త్రిగారూ, భగవంతుడు నిత్యుడని చెప్పారు. జూలై పందొమ్మిదో తారీకు శుక్రవారం నాడు ఆయన ఎక్కడున్నాడండీ?" అని యడిగెను.

అతడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగి. తండ్రి పంజాగుట్ట సమీపమున ఒక ఆస్పత్రిలో ఉండెను. ఆ శుక్రవారము ఉదయము, వెంటనే రావలసినదని కబురు అందినది. మధ్యాహ్నపు విమానమునకు టిక్కెట్టు కొని విమానాశ్రయమునకు పోయెను. అక్కడి యంత్రములన్నియు నిలిచియుండెను. విమానము కదలలేదు. రాత్రి బస్సెక్కి శనివారము తెల్లవారినపిదప చేరునప్పటికి తండ్రి గతించి నాలుగు గంటలైనది. "అబ్బాయి వచ్చాడా" అని ఆయన రాత్రి రెండుమారులు అడిగినారట.

ఆ ప్రశ్నకు ఆనాడు మేము సమాధానము చెప్పలేదు. త్వరపడి చెప్పిన వేదాంతము పుండుమీద కారము వంటిది. ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమే ఈ వ్యాసము.

గడ్డిపరక ముందు అగ్నిదేవుడు

ముందుగా ఆ దినమున లోకమున జరిగినదేమో తెలిసికొందము. 2024 జూలై 19 నాడు, వ్యాసపూర్ణిమకు రెండు దినముల ముందు, క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ తన కంప్యూటరు రక్షణ సాధనమునకు ఒక చిన్న మార్పును పంపినది. అందులో దోషము కలదు. ప్రపంచమంతట విండోస్‌తో నడచు కంప్యూటరులు దాదాపు 85 లక్షలు తెర నీలివర్ణమై నిలిచిపోయినవి. మన కాలమానమున ఉదయము 9 గంటల 40 నిమిషముల ప్రాంతమున పంపిన ఆ ఫైలును గంటన్నర లోపలనే ఉపసంహరించిరి. కాని అప్పటికే నిలిచిన యంత్రములను పెక్కింటిని మనుష్యుడు దగ్గర కూర్చుండి ఒక్కొక్కటిగా సరిచేయవలసివచ్చినది. విమానములు, బ్యాంకులు, ఆస్పత్రులు ఎన్నో దేశములలో ఇబ్బంది పడినవి. మన శంషాబాదు విమానాశ్రయమున ఒక ప్రయాణికునకు చేతితో వ్రాసియిచ్చిన బోర్డింగు పాసు ఛాయాచిత్రము దేశమంతట ప్రచారమైనది.

గమనింపుడు. శత్రువెవ్వడును దాడి చేయలేదు. శత్రువునుండి కాపాడుటకు పెట్టుకొన్న కావలియే కాలికి అడ్డుపడినది. అందుకు కారణము కొండంత దోషము కాదు, ఒక చిన్న ఫైలు.

కేనోపనిషత్తు మూడవ ఖండమున చెప్పబడిన కథ మీకు తెలియును. అసురులపై దేవతలకు జయము కలిగినది. ఆ జయము పరబ్రహ్మము వలన వచ్చినదని మరచి, అది తమదేయని దేవతలు మురిసిపోయిరి. అప్పుడు వారి యెదుట ఒక యక్షరూపము తోచినది. అదేమో తెలిసికొనుటకు అగ్ని పోయెను. సమస్తమును దహింపగలనని చెప్పుకొనెను. యక్షము ఒక గడ్డిపరకను అతని ముందుంచి, దీనిని దహింపుమనెను. తన శక్తినంతయు వినియోగించినను అగ్ని దానిని కాల్చలేకపోయెను. వాయువు పోయి దానిని కదలింపలేకపోయెను. పిదప ఇంద్రుడు పోగా యక్షము అంతర్ధానమైనది. ఆకాశమున ఉమా హైమవతి సాక్షాత్కరించి, అది బ్రహ్మమని తెలిపినది.

ఈ కథలో రెండు విషయములు ముఖ్యములు. మొదటిది, యక్షము అగ్నిని తిట్టలేదు, శపింపలేదు. అగ్ని చెడ్డవాడు కాడు. అతని శక్తి నిజమైనదే, కాని అతని సొంతము కాదు. రెండవది, గడ్డిపరక ముందు ఓడిన పిమ్మట అగ్ని సిగ్గుపడి దాగుకొనలేదు. నేను తెలిసికొనలేకపోతినని తిరిగివచ్చి తోటివారికి చెప్పెను. ఆ ఒప్పుకోలు వలననే జ్ఞానమునకు దారి తెరచుకొన్నది. కావున యంత్రము ఆగుట దేవుడు విజ్ఞానమును శిక్షించుట కాదు. అట్లు చెప్పువారి మాట వేదసమ్మతము కాదు. యంత్రము ఆగుట ఒక గడ్డిపరక. మన బలము ఎరువు తెచ్చుకొన్నదని అది గుర్తుచేయును.

మన వాడలోని గురుతులు

ఈ పాఠము మన పేటలకు క్రొత్తది కాదు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల గోడలన్నియు కంప్యూటరు కోర్సుల బోర్డులతో నిండియుండుట మీరు చూచినదే. 2000వ సంవత్సరము వచ్చుటకు ముందు ఆ విద్యకు ఇక్కడ గొప్ప గిరాకీ ఏర్పడినది. పాత కంప్యూటరులలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిరి. 99 తరువాత రెండు సున్నలు వచ్చినచో యంత్రము దానిని 1900 అని భ్రమించునని లోకము భయపడినది. ఆ దోషమును దిద్దుటకు కోబాల్ నేర్చినవారు కావలసివచ్చిరి. జిల్లాలనుండి వేలకొలది బిడ్డలు వచ్చి ఇరుకు గదులలో చదువుకొని సముద్రములు దాటిరి. రెండంకెలు ఆదాచేయబోయి శతాబ్దమునే మరచిన యంత్రము వారికి అన్నము పెట్టినది. మన సంకల్పమునందు శ్వేతవరాహకల్పము మొదలుకొని వైవస్వత మన్వంతరము, కలియుగ ప్రథమపాదము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి వరకు ఒక్కటియు విడువక ఏల చెప్పుకొందుమో దీనిని బట్టి ఊహింపవచ్చును. చిన్న పనికైనను కాలము పూర్తిగా గుర్తుండవలెను.

అదే పేటలలో దుఃఖకరములైన గురుతులును కలవు. 2007 సెప్టెంబరు 9 నాడు పంజాగుట్టలో నిర్మాణమందున్న ఫ్లైఓవరు కూలి ప్రాణనష్టము జరిగినది. 2017 నవంబరులో మెట్రోరైలు వచ్చినది. 2018 సెప్టెంబరునుండి పంజాగుట్ట మీదుగా ఎల్.బి.నగరు వరకు నడచుచున్నది. రెండు మార్గములు కలియు అమీర్‌పేట స్టేషను నగరమునకు గర్వకారణమైనది. 2019 సెప్టెంబరు 22 నాడు వానకు తల దాచుకొనుటకు ఆ స్టేషను క్రింద నిలిచిన ఒక యువతిపై పెచ్చు ఊడిపడి ఆమె మరణించినది. నీడ యని నమ్మి నిలిచిన చోటనే ఆపద వచ్చినది.

ఇట్టి సందర్భములలో కొందరు పెద్దలు "అంతా కర్మ" యని ఒక్క మాటతో త్రోసివేయుదురు. కర్మసిద్ధాంతము మనకు శిరోధార్యమే. కాని అది మన తప్పులను మనము తరచి చూచుకొనుటకు చెప్పబడినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ముఖమున విసరుటకు చెప్పబడినది కాదు. కట్టినవాని బాధ్యత కట్టినవానిదే, పరీక్షింపవలసినవాని బాధ్యత పరీక్షింపవలసినవానిదే. దైవమును తలచి మానవుని బాధ్యతను మాపివేయుట భక్తి కాదు.

నిత్యుడనగా నేమి?

భగవంతుడు నిత్యుడనగా విన్నవారు సాధారణముగా, ఆయన మన పనులు చెడకుండ చూచువాడని భావింతురు. మరమ్మతు చేయువాడు పిలిచిన వెంటనే వచ్చినట్లు, మ్రొక్కిన వెంటనే కరెంటు రావలెను, విమానము ఎగురవలెను, రోగము తగ్గవలెను. అట్లు జరిగిననాడు దేవుడున్నాడందురు. జరుగనినాడు లేడందురు. ఈ లెక్కలో నిత్యమైనది మన కోరికయే గాని దేవుడు కాడు.

శాస్త్రము చెప్పు నిత్యత్వము వేరు. మారు వస్తువులన్నింటికి ఆధారమై, తాను మారక, ఏ స్థితియందును మనలను విడువక యుండుట నిత్యత్వము. వేదము దీనినే ఋతమను మాటతో సూచించినది. ఆ క్రమముననే ఉషస్సు వచ్చును, ఋతువులు తిరుగును. విద్యుత్తు తీగలో ప్రవహించుటయు ఆ క్రమముననే, తీగ తెగినప్పుడు ప్రవాహము ఆగుటయు ఆ క్రమముననే. తెగిన తీగలో విద్యుత్తు పారవలెనని కోరుట ఋతము తప్పవలెనని కోరుటయే యగును.

బల్కంపేట ఎల్లమ్మ తల్లిని దర్శించిన మీకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. అమ్మవారు నేలమట్టమునకు దాదాపు పదియడుగుల లోతున, బావియందు వెలసియున్నది. పైన రహదారులు వెడల్పైనవి, అంతస్తులు లేచినవి, రైలు ఆకాశమున నడచుచున్నది. ఆమెను చూడవలెనన్నచో నేటికిని మెట్లు దిగవలసినదే. పైన కట్టినవి మారినకొలది క్రింది ఊట మారలేదు.

మా ఇంటి సంగతి

ఇంతవరకు చెప్పినది పుస్తకజ్ఞానమని ఆ యువకుడు అనవచ్చును. కావున మా ఇంట జరిగినది చెప్పెదము.

మా తమ్ముడు అమీర్‌పేటలో ఒక అపార్టుమెంటు మూడవ అంతస్తున నివసించెడివాడు. ఊపిరితిత్తుల వ్యాధివలన ఇంటనే ఆక్సిజన్ యంత్రము పెట్టుకొనియుండెను. అది కరెంటుతో పనిచేయునది. 2020 అక్టోబరు 13, అధిక ఆశ్వయుజ బహుళ ఏకాదశి. నాటి వర్షము ఈ నగరమెరుగును. మరునాటి ఉదయమునకు బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన నమోదైనది. ఆ సాయంకాలము మేము తమ్ముని ఇంటనే యుంటిమి. చీకటిపడిన కొంతసేపటికి కరెంటు పోయినది. ఇన్వర్టరు కొంతసేపు నిలిచి అదియు ఆగినది. యంత్రము కూతపెట్టి మౌనము వహించినది. ఫోనులు కలియలేదు. లిఫ్టు లేదు. వీధిలో మోకాటిలోతు నీరు.

మేము తమ్ముని మంచముమీద కూర్చుండి విష్ణుసహస్రనామము మొదలిడితిమి. దీపము కావలసిన పనిలేదు, పుస్తకము కావలసిన పనిలేదు. ఏడవయేట పాఠశాలలో గురువుగారు చెప్పగా కంఠస్థమైనది. తమ్ముని పెదవులును కదలుచుండెను. మధ్యలో మేము ఒకచోట ఆగితిమి. "అన్నయ్యా, ఆపకు" అనెను.

ఒక సత్యము చెప్పవలెను. డెబ్బదియేండ్లు పైబడిన వేదపండితుడని మీరు మమ్ము గౌరవింతురు. ఆ రాత్రి మా నోట నామము నడచుచుండెను గాని మా చెవి మాత్రము ఫ్రిజ్జు మరల మ్రోగునా యని వంటింటి వైపే యుండెను. మా విశ్వాసము ఎంతటిదో ఆ చీకటిలో మాకు తెలిసివచ్చినది.

ఆ సంవత్సరము మహమ్మారివలన ప్రక్కనున్న హాస్టలు ఇంచుమించు ఖాళీయైనది. అందు మిగిలిన నలుగురు విద్యార్థులు మా కోడలి కేక విని వచ్చిరి. వారిలో ఇద్దరు నీటిలో నడచి, దగ్గర ఆస్పత్రినుండి ఆక్సిజన్ సిలిండరు సంపాదించి, మూడంతస్తులు భుజములపై మోసితెచ్చిరి. తమ్ముడు ఆ రాత్రి గడచి బయటపడెను. మేము ఆనందముతో, చూచితిరా భగవంతుని కృప యని ఎందరికో చెప్పుకొంటిమి.

పది దినములు గడచిన పిదప, దేవీ నవరాత్రులలో, కరెంటు ఉండగనే, యంత్రము చక్కగ పనిచేయుచుండగనే, తమ్ముడు కన్నుమూసెను.

అప్పుడు మాకును ఆ యువకుని ప్రశ్నయే పుట్టినది. ఆ రాత్రి యున్నవాడు ఈ పగలు ఎక్కడికి పోయెను?

పరీక్షిత్తు ఇచ్చిన సమాధానము

మాకు ఊరట భాగవతమునందు దొరికినది. ఉత్తర గర్భమునందున్న శిశువుపై అశ్వత్థామ బ్రహ్మాస్త్రమును ప్రయోగించెను. శ్రీకృష్ణ పరమాత్మ ఆ శిశువును కాపాడెను. ఆ శిశువే పరీక్షిన్మహారాజు. తాను గర్భమునందు చూచిన పురుషుడు ఇతడేనా యని లోకమున ప్రతివారిని పరీక్షించి చూచినవాడు కనుక ఆ పేరు వచ్చినదని భాగవతము చెప్పుచున్నది. అదే పరీక్షిత్తునకు తరువాత ఏడు దినములలో తక్షకుని కాటున మరణము నిశ్చయమైనది. బ్రహ్మాస్త్రమును ఆపినవానికి ఒక పామును ఆపుట కష్టమా? అయినను ఆపలేదు.

మరి ఏమి చేసెను? శుకమహర్షిని పంపెను. ఏడు దినములు గంగాతీరమున కూర్చుండబెట్టి భాగవతమును వినిపింపజేసెను. మొదటిసారి ప్రాణము నిలిపెను, రెండవసారి ప్రాణము పోవువేళ తోడు నిలిచెను. ఇచ్చిన వస్తువు మారినది, ఇచ్చినవాడు మారలేదు. పరీక్షిత్తు తక్షకుడు వచ్చునప్పటికి ఆ పురుషుని గుర్తుపట్టియుండెను. కనుకనే అతనికి భయము లేదు.

దీనిని తెలిసికొన్న పిమ్మట మా తమ్ముని మాటకు అర్థము మాకు తోచినది. "అన్నయ్యా, ఆపకు" అన్నవాడు కరెంటును గూర్చి అడుగలేదు. యంత్రము వచ్చునా యని చెవియొగ్గినది మేము, నామమును వినినది అతడు. ఆ రాత్రి భగవంతుడు ఎక్కడనున్నాడో మాకంటె రోగికే బాగుగ తెలిసినది.

పాఠశాలయు ఒక యంత్రమే

యంత్రము తప్పును గాని మా వేదపాఠము తప్పదని గర్వించుటకును వీలులేదు. ఒక్క స్వరము చెడకుండుటకు పూర్వులు ఎంత జాగ్రత్తపడిరో చూడుడు. సంహితను పదములుగ విడదీసి చెప్పుట, రెండేసి పదములను కలిపి క్రమముగ చెప్పుట, ఆపై జట, ఘన మొదలగు వికృతులు ఏర్పరచిరి. ఘనమునందు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అను వరుసలో పదములు ముందునకు వెనుకకు నడచును. ఒకచోట జారిన అక్షరము మరియొకచోట పట్టుబడును. ఇట్టి వేదాధ్యయన సంప్రదాయమును యునెస్కో 2003వ సంవత్సరమున మానవజాతి వారసత్వముగ ప్రకటించినది. అయినను పతంజలి మహాభాష్యమున పేర్కొన్న శాఖలలో నేడు మిగిలినవి కొన్నియే. చెప్పువాడు లేక, వినువాడు లేక తక్కినవి మరుగున పడినవి. మనుష్యుడు పట్టుకొన్న పాత్ర ఏదైనను పగులును. పాత్ర పగిలినను జలము అబద్ధము కాదు.

మనము చేయవలసినది

దైవమునకు పురుషకారము తోడుకావలెనని, ఒక్క చక్రముతో రథము నడువదని స్మృతికారులు చెప్పిరి. కావున కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఇంట రోగి యున్నచో, యంత్రముతోపాటు అది ఆగిననాటికి కావలసిన ఏర్పాటును ముందుగనే చేసికొనుడు. సిలిండరు కొనుట అవిశ్వాసము కాదు. ప్రక్కయింటి తలుపు తట్టుటకు కావలసిన పరిచయమును కరెంటున్ననాడే సంపాదించుకొనుడు. ఆ రాత్రి మమ్ము కాపాడినది ఆ పిల్లల భుజములు.

ఒక్క స్తోత్రమైనను ఫోను చూడకుండ చెప్పగలుగునట్లు కంఠస్థము చేయుడు. బిడ్డలచే చేయింపుడు. తెర ఆరినప్పుడు మీతో మిగులునది అదియే.

మహర్నవమినాడు ఆయుధపూజ చేయుదుము. కంప్యూటరునకు కుంకుమ పెట్టుదుము. మంచిదే. పనిముట్టును గౌరవించుటయు, అది పనిముట్టేయని గుర్తుంచుకొనుటయు రెండును ఆ పూజలో కలవు.

ఇక దుఃఖములోనున్నవారి యొద్దకు పోయినప్పుడు కారణములు చెప్పకుడు. శుకుడు పరీక్షిత్తు చెంత ఏడు దినములు కూర్చుండెను. మనము ఒక గంట కూర్చుండలేమా?

ఆ యువకుడు ఆ సంవత్సరమంతయు తండ్రిగారి మాసికములకు మా యొద్దకే వచ్చెను. మొదటి నెలలలో సంకల్పమును ఫోనులో చూచి చెప్పెడివాడు. విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు ఆబ్దికమునకు వచ్చినప్పుడు ఫోను తీయలేదు. కల్పము మొదలుకొని తిథి వరకు, తండ్రి గోత్రనామముల వరకు తడబడక చెప్పెను. అతని ప్రశ్న తీరినదో లేదో మేము అడుగలేదు. అతడును మరల అడుగలేదు. పిండప్రదానము ముగించి, "ఈసారి వేళకు వచ్చాను శాస్త్రిగారూ" అని మాత్రము అనెను.

వేళకు రాలేకపోయిన బిడ్డలను, ఎదురుచూచి వెళ్ళిపోయిన పెద్దలను, ఇరువురిని విడువక పట్టియున్న ఆ పరమాత్మ మీ యందరికిని స్థిరమైన విశ్వాసమును ప్రసాదించుగాక!

స్వస్తి.